డేరాల పద్దు, దొరల తిరుగుబాటు: 1809 మచిలీపట్నం ఘటన – మద్రాసు సైన్యపాలన

వ్యాససంగ్రహం

1809 జూన్‌లో మచిలీపట్నం కోటలోని ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ అధికారులు తమ కమాండరును నిర్బంధించి మద్రాసు ప్రభుత్వాన్ని ధిక్కరించారు. హైదరాబాదు, జాల్నా, శ్రీరంగపట్నం స్థావరాలకు కూడా ఈ ధిక్కారం పాకింది. ఆంగ్లేయ చరిత్రకారులు దీనిని గవర్నరుకూ అధికారులకూ మధ్య జరిగిన గౌరవభంగ వివాదంగా చిత్రించారు. సైన్యాన్ని నడిపిన పద్దుల వ్యవస్థలో ఈ తిరుగుబాటు మూలాలున్నాయనీ, దాని ఫలితాన్ని తేల్చింది దేశీయ సిపాయిలు ఎటు నిలుస్తారన్న ప్రశ్నేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మచిలీపట్నం, మద్రాసు సైన్యం, డేరా కాంట్రాక్టు, జార్జ్ బార్లో, సుబేదారు, వెల్లూరు.

1. ఉపోద్ఘాతం

కార్తీకమాసంలో కారెంపూడిలో పల్నాటి వీరుల ఆరాధనోత్సవాలు జరుగుతాయి. పన్నెండవ శతాబ్దపు యుద్ధంలో నేలకొరిగినవారి పేర ఆయుధాలకు పూజ చేయడం అక్కడి ఆచారం. ఆ కథ పల్నాడంతటా, ఇటు రొంపిచెర్ల, నరసరావుపేటల దాకా తరతరాలుగా వినబడుతూనే ఉంది. అదే ప్రాంతాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో పాలించిన ప్రభుత్వానికి వెన్నుదన్నుగా నిలిచిన సైన్యం గురించి మాత్రం తెలుగులో జరిగిన చర్చ స్వల్పం. 1859లో గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసింది. 1904లో గుంటూరు మళ్లీ ప్రత్యేక జిల్లాగా ఏర్పడే వరకు నరసరావుపేట ప్రాంతపు రైతుకు జిల్లా కేంద్రం మచిలీపట్నమే. శిస్తు తగాదాకైనా, పెద్ద వ్యాజ్యానికైనా బందరు దారి పట్టవలసిందే. ఆ బందరు కోటలో 1809లో జరిగిన తిరుగుబాటును మన గ్రంథాలు ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తాయి. అది ‘దొరల తగాదా’ అనీ, మన చరిత్రకు సంబంధించినది కాదనీ ఒక భావన స్థిరపడింది. ఆ భావనను పునఃపరిశీలించవలసిన అవసరం ఉంది.

2. కట్టుబడి నుంచి పటాలం దాకా

గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. పల్నాడు అంతవరకు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండి 1801లో కంపెనీ పాలనలోకి చేరింది. అమరావతి వాసిరెడ్డివారు, నరసరావుపేట మల్రాజువారు వంటి జమీందారులకు అప్పటికి సొంత సాయుధబలం ఉండేది. ఆ బలానికి జీతం ప్రధానంగా నేల రూపంలో ముట్టేది. ఇంత భూమి అనుభవించి, పిలిచినప్పుడు ఆయుధంతో హాజరు కావాలన్నది కట్టుబడి పద్ధతి. 1802లో మొదలైన శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారు పని శిస్తు వసూలు చేసి చెల్లించడానికి పరిమితమైంది. పోలీసు అధికారం, ఆయుధబలం ప్రభుత్వపరం అయ్యాయి. ఇక ఈ నేలపై ఆయుధం పట్టే హక్కు ఒక్క కంపెనీదే.

ఆ కంపెనీ ఆయుధం తెలుగువారి భుజాల మీదే ఉండేదన్నది మరొక విషయం. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్న కల్నల్ ఫోర్డ్ దళంలో సిపాయిల పాత్ర గణనీయం. మద్రాసు నుంచి బెంగాలుకు వెళ్లిన సిపాయిలను అక్కడివారు ‘తెలంగా’లు అన్నారు. క్రమంగా ఉత్తరభారతంలో ఏ ప్రాంతపు సిపాయికైనా ఆ పేరే చెల్లింది. 1857 నాటి ఢిల్లీ వాసులు కూడా సిపాయిలను ‘తిలంగే’ అనే పిలిచారు. ఒక భాషాప్రాంతం పేరు ఒక వృత్తికి పేరుగా మారడం అరుదు. బెటాలియన్‌ను ‘పటాలం’గా మలచుకున్న తెలుగు, తన పేరును ఇలా అప్పు ఇచ్చింది.

1796లో కంపెనీ తన సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించింది. రెండేసి పటాలాలను కలిపి ఒక రెజిమెంటుగా చేసి, ఒక్కొక్క పటాలంలో యూరోపియన్ అధికారుల సంఖ్యను బాగా పెంచింది. అంతకుముందు సుబేదారు చేతిలో ఉండిన పని, పరువు ఆ మేరకు యువ లెఫ్టినెంట్ల చేతికి పోయాయి. సుబేదారు తెల్లజెండా అధికారులందరికంటే కింద, సిపాయిలకంటే పైన, ఏ నిర్ణయంలోనూ పాలు లేనివాడుగా మిగిలాడు. ఈ అసంతృప్తి 1806 జులై 10న వెల్లూరు కోటలో బద్దలైంది. తలపాగా మార్పు, నుదుటిబొట్టు, గడ్డం, మీసాల గురించి 1805 చివరలో వచ్చిన ఆజ్ఞలు దానికి తక్షణకారణం. ఫలితంగా గవర్నరు విలియం బెంటింక్‌నూ, సేనాధిపతి జాన్ క్రాడాక్‌నూ 1807లో వెనక్కు పిలిపించారు. అప్పటి నుంచి మద్రాసు ప్రభుత్వానికి సిపాయి అంటే అనుమానం. మూడేళ్లు తిరగకుండానే ఆ అనుమానం తలకిందులైంది.

3. డేరా కాంట్రాక్టు

పటాలం కదలాలంటే డేరాలు కావాలి. డేరాలు మోయడానికి ఎడ్లు, ఎడ్లను తోలడానికి మనుషులు, డేరాలు వేసి పీకడానికి లష్కరులు కావాలి. 1802 నుంచి మద్రాసు సైన్యంలో ఈ భారాన్ని దేశీయ పటాలాల కమాండింగు అధికారులకే అప్పగించారు. దీనికి బదులుగా వారికి నెలనెలా స్థిరమైన మొత్తం ముట్టేది. పటాలం యుద్ధరంగంలో ఉన్నా, స్థావరంలో ఊరికే ఉన్నా ఆ మొత్తం మారదు. దీనినే డేరా కాంట్రాక్టు అన్నారు.

పద్ధతిలోని చిక్కు ఇక్కడే ఉంది. శాంతికాలంలో డేరాలు మడతపెట్టి ఉంటాయి. ఎడ్లను తగ్గించవచ్చు, మనుషులను మానిపించవచ్చు. మిగిలినదంతా కమాండరుదే. యుద్ధం వస్తే మాత్రం అన్నిటినీ సిద్ధం చేయాలి, చచ్చిన ఎద్దుకు బదులు ఎద్దును కొనాలి. అప్పుడు లాభం కరిగిపోతుంది. దీనివల్ల పటాలం ఎప్పుడూ కదలడానికి సిద్ధంగా ఉండటం కమాండరు విధి అయితే, సిద్ధంగా లేకపోవడం అతని లాభం. సిపాయి నెలజీతం ఏడు రూపాయల పరిధిలో ఉన్న కాలమది. అతని నెత్తిన నీడగా ఉండవలసిన గుడ్డ, అతన్ని నడిపించే దొర ఆదాయపు పద్దులో ఒక అంకెగా మారింది.

క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో 1807లో ఈ మాటే ప్రభుత్వానికి రాశాడు. దండు విడిది, రవాణాలకు బాధ్యుడు ఆయనే. తెలుగు పాఠకులకు మన్రో అనగానే దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో గుర్తుకొస్తాడు. ఈయన వేరు. తరువాతి కాలంలో తిరువిదాంకూరుకు రెసిడెంటుగా, దివానుగా పనిచేసిన మన్రో ఈయనే. ఆరేళ్ల అనుభవం ఆధారంగా, డేరా కాంట్రాక్టు అధికారుల స్వార్థాన్నీ విధినీ ఎదురెదురుగా నిలబెడుతోందని ఆయన నివేదించాడు. క్రాడాక్ దానిని ఆమోదించాడు. బెంగాలులోని సుప్రీం ప్రభుత్వమూ సమ్మతించింది. 1807 చివరలో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ జార్జ్ బార్లో 1808 జులై 1 నుంచి కాంట్రాక్టును రద్దుచేశాడు.

కమాండింగు అధికారుల స్పందన గమనించదగినది. కాంట్రాక్టు పోయినందుకు బాధపడ్డామని వారు అనలేదు. నివేదికలోని వాక్యం తమ శీలాన్ని శంకించిందన్నారు. అధికారులుగానూ పెద్దమనుషులుగానూ తమకు కళంకం తెచ్చిన మన్రోను కోర్టుమార్షల్ చేయాలని అర్జీ పెట్టారు. మన్రో తప్పుపట్టింది వ్యవస్థను. వ్యవస్థ పురికొల్పే ప్రలోభాన్ని చెప్పడమంటే, ఆ ప్రలోభానికి ఫలానావారు లొంగారని చెప్పడం కాదు. ఈ భేదాన్ని వారు చూడలేదు, లేదా చూడదలచుకోలేదు. అట్లని వారిది కేవలం అత్యాశ అని తీర్పు చెప్పడమూ న్యాయం కాదు. రాజు సైన్యంలో పదవులు కొనుక్కోవచ్చు. కంపెనీ సైన్యంలో ఆ అవకాశం లేదు, సీనియారిటీ వరుసలో ఏళ్ల తరబడి కాచుకోవాలి. పెద్ద కమాండులు తరచు రాజు సైన్యపు అధికారులకే దక్కేవి. బెంగాలు అధికారులతో పోలిస్తే తమ భత్యాలు తక్కువని మద్రాసు అధికారుల పాత ఫిర్యాదు. నడివయసు దాటాక చేతికొచ్చే పటాలం కమాండు, దానితో వచ్చే డేరా ఆదాయం – ఇంగ్లండు తిరిగివెళ్లి బతకడానికి వారు కూడబెట్టుకునే మూలధనం ఇదే. కంపెనీ తక్కువ జీతమిచ్చి, మిగిలినది పద్దుల సందుల్లో వెతుక్కోమన్నది. ఇప్పుడు ఆ సందులు మూసింది, జీతం మాత్రం పెంచలేదు.

సైనికాధికారి ఆదాయం డేరాతో ముడిపడటం మద్రాసుకే పరిమితమైన వింత కాదు. అమెరికా సైన్యాధికారి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ 1856లో ఒంటిగుంజ మీద నిలిచే శంఖాకారపు డేరాకు పేటెంటు పొందాడు. ఒక్కొక్క డేరాకు ఐదు డాలర్ల చొప్పున అతనికి చెల్లించడానికి 1858లో యుద్ధశాఖ ఒప్పుకున్నది. ఆ హక్కులో సగాన్ని విలియం బర్న్స్ అనే తోటి అధికారి తీసుకున్నాడు. 1861లో అంతర్యుద్ధం రాగానే సిబ్లీ దక్షిణాది పక్షాన చేరాడు. అతని డేరాలు మాత్రం ఉత్తరాది సైన్యంలో వేల సంఖ్యలో లేచాయి. సిబ్లీ వాటా ఆగిపోయింది. ఉత్తరాది సైన్యంలోనే కొనసాగిన బర్న్స్ తన సగం కోసం దావా వేసి, యుద్ధం ముగిశాక సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. అదే యుద్ధపు తొలినెలల్లో సైన్యసామగ్రి కొనుగోళ్లపై ఆరోపణలు రాగా కాంగ్రెసు సంఘం బహిరంగంగా విచారించింది. యుద్ధకార్యదర్శి సైమన్ కామెరాన్ 1862 జనవరిలో పదవి వదలవలసి వచ్చింది. క్వార్టర్‌మాస్టర్ జనరల్ మాంట్‌గొమరీ మెగ్స్ పద్దులను కట్టుదిట్టం చేసి ఆ విభాగాన్ని 1882 వరకు నడిపాడు. అక్కడ పద్దు గురించిన వివాదానికి న్యాయస్థానం, చట్టసభ అనే వేదికలున్నాయి. మద్రాసులో అలాంటి వేదిక లేదు. పద్దును ప్రశ్నించినవాడిని శిక్షించాలని కోరడం, అది జరగకపోతే ఆజ్ఞను ధిక్కరించడం – అక్కడి అధికారులకు కనిపించిన దారులు ఇవే.

4. మద్రాసు నుంచి మంటలు

సేనాధిపతి హే మెక్‌డోవాల్‌కు సొంత ఫిర్యాదు ఒకటి ఉంది. అంతకుముందు సేనాధిపతులకు ఉండిన గవర్నరు కౌన్సిలు సభ్యత్వం ఆయనకు దక్కలేదు. 1809 జనవరిలో, రాజీనామా చేసి ఓడ ఎక్కబోతూ, ఆయన మన్రోను నిర్బంధించాడు. ప్రభుత్వం విడిపించింది. జనవరి 28 తేదీతో మెక్‌డోవాల్ మన్రోను అభిశంసిస్తూ సైన్యానికి ఉత్తరువు జారీచేసి వెళ్లిపోయాడు. ప్రభుత్వం ఆయనను పదవి నుంచి తొలగించినట్టు ప్రకటించి, ఆ ఉత్తరువును పంపినందుకు అడ్జుటెంట్ జనరల్ క్యాపర్‌నూ, అతని సహాయకుడు మేజర్ బోల్స్‌నూ సస్పెండు చేసింది. మెక్‌డోవాల్ ఎక్కిన ‘లేడీ జేన్ డండాస్’ ఓడ తుపానులో గల్లంతైంది.

పై అధికారి ఆజ్ఞను అమలు చేసినందుకు శిక్ష ఏమిటన్న ప్రశ్న సైన్యమంతా పాకింది. బోల్స్ కోసం చందాలు, బార్లోపై అర్జీలు మొదలయ్యాయి. మే 1న బార్లో మరికొందరు అధికారులను సస్పెండు చేస్తూ, ఈ అలజడిలో పాల్గొనలేదని హైదరాబాదు దండును మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే బెడిసికొట్టింది. తాము కూడా తోటివారితోనే ఉన్నామని హైదరాబాదు అధికారులు ప్రకటించుకున్నారు. పొగడ్త ఇంత ఖరీదైన సందర్భం మద్రాసు పాలనలో మరొకటి కనబడదు.

5. బందరు కోటలో

మచిలీపట్నం కోట ఊరికి దూరంగా, ఉప్పునీటి కయ్యల మధ్య, చిత్తడిలో ఉండేది. అక్కడి గాలి, నీరు యూరోపియన్ సైనికులకు పడేవి కావు. కంపెనీ కొలువులోని తెల్లసిపాయిలతో ఏర్పడిన మద్రాసు యూరోపియన్ రెజిమెంటు ఆ కోటలో ఉండేది. 1809 మేలో లెఫ్టినెంట్ కల్నల్ జేమ్స్ ఇన్నెస్ దాని కమాండు చేపట్టాడు. ఆయన వచ్చిన తొలిరోజుల్లోనే భోజనశాలలో యువాధికారులు ‘సైన్యమిత్రుల’ పేర పానపాత్ర ఎత్తారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు: సస్పెండైనవారికి జై, బార్లోకు ధిక్కారం. ఇన్నెస్ లేచి వెళ్లిపోయాడు. క్షమాపణ కోరాడు, దక్కలేదు. విషయం మద్రాసు చేరింది. లెఫ్టినెంట్ ఫోర్బ్స్‌ను కొండపల్లికి బదిలీ చేశారు. లెఫ్టినెంట్ మెయిట్లండ్‌ను రెజిమెంటు క్వార్టర్‌మాస్టరు పదవి నుంచి తప్పించారు.

ఇంతలో రెజిమెంటులో కొంత భాగాన్ని యుద్ధనౌకల మీద పనిచేయడానికి ఎక్కించమని మద్రాసు ఆజ్ఞ వచ్చింది. సాధారణకాలంలో ఇది మామూలు ఉత్తరువే. ఆ వాతావరణంలో మాత్రం రెజిమెంటును ముక్కలుచేసి చెదరగొట్టడానికే ఈ ఎత్తు అని అధికారులు నమ్మారు. ఇన్నెస్ ఆజ్ఞను అమలు చేసి తీరుతానన్నాడు. జూన్ 25న అధికారులు ఆయనను నిర్బంధించి, మేజర్ జోసెఫ్ స్టోరీని కమాండరుగా నిలబెట్టారు. కోటలో సంఘం ఏర్పడింది. హైదరాబాదు, జాల్నా దండ్లతో ఉత్తరాలు నడిచాయి. అన్ని దళాలూ కలిసి మద్రాసు మీదికి నడవాలన్న మాట కూడా వచ్చింది.

బార్లో లెఫ్టినెంట్ కల్నల్ జాన్ మాల్కమ్‌ను సముద్రమార్గాన బందరుకు పంపాడు. జులై ఆరంభంలో దిగిన మాల్కమ్ మూడువారాల లోపే తిరిగి వెళ్లాడు. ఆయన కూడా మద్రాసు సైన్యంలో ఎదిగినవాడే. బందరు అధికారులు అతనికి పరాయివారు కారు. వారితో కూర్చుని భోంచేశాడు, వాదించాడు, ఆవేశాలను కొంత చల్లార్చాడు. సంపూర్ణ క్షమాభిక్షకు దగ్గరగా ఏదో ఒకటి ప్రకటించమని మద్రాసుకు రాశాడు. బార్లో ఒప్పుకోలేదు. తిరుగుబాటుదారులతో బేరమాడటం మాల్కమ్ చేసిన తప్పని గవర్నరు, సామరస్యానికి ఉన్న ఒక్క అవకాశాన్నీ గవర్నరే చెడగొట్టాడని మాల్కమ్ జీవితాంతం వాదించుకున్నారు. మాల్కమ్ 1812లో లండనులో ఈ విషయంపై ఒక పుస్తకమే అచ్చువేశాడు. వారి వాదంలో ఇరుపక్షాలకూ ఉమ్మడి మౌనం ఒకటుంది. కోటలోని సిపాయితో మాట్లాడాలా వద్దా అన్న ప్రశ్నను మాల్కమ్ ప్రమాదకరమైనదిగా పక్కనపెట్టాడు. యూరోపియన్ అధికారిని దాటి సిపాయిని సంబోధిస్తే ఆ తర్వాత ఆ సిపాయి ఏ అధికారికీ లోబడడని ఆ తరం అధికారుల భయం. వెల్లూరు తర్వాత ఆ భయానికి కారణం లేకపోలేదు.

6. సంతకం, సుబేదారు

బార్లో అదే పని చేశాడు. జులై 26న ప్రతి యూరోపియన్ అధికారీ గవర్నరు కౌన్సిలు ఆజ్ఞలకు లోబడతానని సంతకం చేయాలని ఉత్తరువిచ్చాడు. చేయనివారిని పటాలాల నుంచి తప్పించి, జీతం ఆపకుండా తీరప్రాంత పట్టణాలకు పంపమన్నాడు. సంతకం చేసినవారు అల్పసంఖ్యాకులే. సంతకం చేయనివారిని తొలగించాక పటాలాన్ని నడిపేది ఎవరు? అక్కడక్కడ రాజు సైన్యపు అధికారులు, మిగిలినచోట్ల సుబేదార్లు, జమేదార్లు. ప్రభుత్వం నేరుగా దేశీయ అధికారులను ఉద్దేశించి మాట్లాడింది. మీ జీతం, మీ భత్యం, మీ పింఛను ఇచ్చేది ప్రభుత్వమనీ, వివాదం మీతో కాదనీ, మీ విధేయత కంపెనీకే చెందుతుందనీ దాని సారాంశం. 1796లో సుబేదారు నుంచి తీసేసుకున్న ప్రాధాన్యాన్ని, అవసరం కొద్దీ, కొన్ని వారాలపాటు తిరిగి ఇచ్చారు.

ఈ నిర్ణయానికి ఉన్న బరువును తక్కువ అంచనా వేయరాదు. సైన్యం అధికారి ద్వారా ప్రభుత్వానికి చెందుతుందన్నది అంతవరకు ఉన్న అవగాహన. సిపాయి దృష్టిలో ప్రభుత్వమంటే తన కెప్టెన్. సెలవిచ్చేది, దండన వేసేది, పింఛనుకు సిఫారసు చేసేది ఆయనే. కనబడని కౌన్సిలు కోసం కనబడే దొరను వదిలేయమని అతన్ని అడిగారు. కొన్ని చోట్ల అతను వదిలాడు. మద్రాసు పరిసరాల్లోని దండుస్థావరాల్లో అధికారులను తప్పించినా పటాలాలు కదలలేదు. సికింద్రాబాదులో ఫలితం వేరు. ఆగస్టు ఆరంభంలో అక్కడికి వెళ్లిన కల్నల్ బారీ క్లోజ్ సిపాయిలతో మాట్లాడ ప్రయత్నించగా, వారు తమ అధికారుల మాటే విన్నారు. దక్కన్‌లో చాలాకాలం పనిచేసి, సిపాయిల్లో పేరున్న క్లోజ్ అక్కడి నుంచి వెనుదిరగవలసి వచ్చింది. ఒకే సైన్యపు సిపాయిలు రెండుచోట్ల రెండు విధాలుగా నడుచుకోవడాన్ని విధేయత, ద్రోహం అన్న రెండు మాటలతో వివరించలేము. జీతం పెట్టె ఎవరి చేతిలో ఉంది, పక్కన రాజు సైన్యం ఉందా, కెప్టెన్ ఎన్నేళ్లుగా తెలిసినవాడు అన్న లెక్కలు ఒక్కొక్క స్థావరంలో ఒక్కొక్క విధంగా ఉన్నాయి. సిపాయి మూఢంగా అనుసరించాడన్నది దొరల వాదన. ఆ నిర్ణయాల్లోని తేడాలే అది నిజం కాదని చెబుతున్నాయి.

నెత్తురు చిందింది మైసూరులో. చిత్రదుర్గం నుంచి రెండు పటాలాలు తమ అధికారుల ఆజ్ఞపై శ్రీరంగపట్నంలోని తిరుగుబాటుదారులతో కలవడానికి బయలుదేరాయి. ఆగస్టు 11న, కోట దరిదాపుల్లో, మైసూరు గుర్రపుదళమూ రాజు సైన్యపు రౌతులూ వాటిపై పడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు సిపాయిలు. డేరా కాంట్రాక్టుతో వారికి సంబంధం లేదు. మన్రో నివేదికను వారు చూసి ఉండరు. దొర చెప్పిన దారిన నడిచి, దొరతనం పంపిన కత్తికి బలయ్యారు.

అదే రోజుల్లో హైదరాబాదు అధికారులు వెనక్కు తగ్గి సంతకాలు చేశారు. తోటివారికీ ఆ సలహానే ఇచ్చారు. హైదరాబాదు లేకుండా బందరు నిలవలేదు. ఆగస్టు నడుమ మచిలీపట్నం దండు లొంగిపోయింది. మేజర్ జనరల్ పేటర్ కోటను స్వాధీనపరచుకున్నాడు. ఆగస్టు 23న శ్రీరంగపట్నం కూడా లొంగింది.

7. రెండు తిరుగుబాట్లు, రెండు ధర్మాలు

గవర్నరు జనరల్ లార్డ్ మింటో సెప్టెంబరులో మద్రాసు వచ్చాడు. సెప్టెంబరు 25న ఆయన ప్రకటించిన ఉత్తరువు 21 మందిని మినహాయించి అందరినీ క్షమించింది. శ్రీరంగపట్నపు బెల్, జాల్నా డవ్‌టన్, మచిలీపట్నపు స్టోరీ – ఈ ముగ్గురికి కోర్టుమార్షల్. మిగిలిన 18 మందికి కోర్టుమార్షల్ లేదా ఉద్యోగ విరమణ, ఏది కావాలంటే అది. బెల్‌ను సైన్యం నుంచి వెళ్లగొట్టారు. స్టోరీకి అదే శిక్ష పడింది, దయ చూపమన్న సిఫారసుతో. డవ్‌టన్ నిర్దోషి అని తేలాడు. తరువాతి ఏళ్లలో కంపెనీ డైరెక్టర్లు తొలగినవారిలో చాలామందిని తిరిగి తీసుకున్నారు. బార్లోను 1812లో వెనక్కు పిలిపించారు.

ఈ శిక్షల పట్టికను వెల్లూరు పట్టికతో కలిపి చదవాలి. 1806లో వెల్లూరు కోట తిరిగి చేజిక్కిన గంటల్లోనే విచారణ లేకుండా సిపాయిలను కాల్చారు. విచారణ తర్వాత కొందరిని ఫిరంగి నోట కట్టి పేల్చారు, కొందరిని ఉరితీశారు, కొందరిని ద్వీపాంతరం పంపారు. వెల్లూరులో సిపాయిలు తమ అధికారులను చంపారు, బందరులో అధికారులు ఎవరినీ చంపలేదు – ఈ భేదం నిజమే. కానీ కమాండరును నిర్బంధించడం, ప్రభుత్వ స్థావరాన్ని చేజిక్కించుకోవడం, ఇతర దళాలతో చేతులు కలపడం ఏ సైనికచట్టంలోనైనా మరణదండనార్హమైన నేరాలే. 21 మందిలో ఒక్కరికీ ఆ దండన పడలేదు. అధికారి తిరగబడితే అది ఫిర్యాదు, సిపాయి తిరగబడితే అది రాజద్రోహం. మద్రాసు ప్రభుత్వం ఈ భేదాన్ని ఎక్కడా రాసుకోలేదు. రాసుకోనక్కరలేకుండానే పాటించింది.

1809ని చరిత్ర గ్రంథాలు ఎలా చూశాయన్నది కూడా ఇక్కడ ప్రస్తావించవలసిన అంశం. 1880వ దశకంలో మద్రాసు సైన్యచరిత్రను నాలుగు సంపుటాలుగా రాసిన డబ్ల్యు.జె. విల్సన్ దళాల కదలికలు, ఉత్తరువులు వివరంగా ఇచ్చాడు. అలెగ్జాండర్ కార్డ్యూ 1929లో ఈ ఘటన మీదే ఒక పుస్తకం రాసి, దానికి ‘తెల్లవారి తిరుగుబాటు’ అన్న అర్థంలో పేరుపెట్టాడు. పేరులోనే సిపాయి బయట ఉండిపోయాడు. అధికారుల పేర్లు, బిరుదులు, అర్జీలు, భోజనశాలలో ఎత్తిన పానపాత్ర సహా అన్నీ భద్రంగా ఉన్నాయి. సికింద్రాబాదులో క్లోజ్ ఎదుట నిలిచిన సుబేదార్లు మాత్రం ఆ పుటల్లో ఒక గుంపు. తెలుగు పరిశోధకులు ‘దొరల తగాదా’ అంటూ ఈ ఘటనను వదిలేసినప్పుడు, తెలియకుండానే ఆ పుస్తకాల విభజననే ఆమోదించినట్టవుతుంది. పల్నాడు, గుంటూరు గ్రామాల కైఫియ్యతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ ఇదే మద్రాసు సైన్యపు ఇంజనీరు అధికారి. ఏలూరు కావలి సోదరులు ఆయనకు సహాయకులు. ఊరి చరిత్రలు రాయించిన సైన్యం, తన సిపాయి చరిత్రను మాత్రం రాయించలేదు.

డేరా కాంట్రాక్టు తిరిగి రాలేదు. మద్రాసు యూరోపియన్ రెజిమెంటు తరువాతి కాలంలో మద్రాసు ఫ్యూజిలీర్లుగా పేరు మార్చుకుంది. 1857లో జేమ్స్ నీల్ నాయకత్వంలో ఆ రెజిమెంటునే మద్రాసు నుంచి ఉత్తరభారతానికి పంపారు, తిరగబడిన సిపాయిలను అణచడానికి. కాశీ, అలహాబాదుల్లో నీల్ జరిపించిన ఉరితీతలు ప్రసిద్ధమే. 1862లో అది రాజు సైన్యంలో 102వ రెజిమెంటు అయింది, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలీర్లలో కలిసింది, 1922లో రద్దయింది. బందరు కోటను 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ముంచెత్తింది. ఆ తర్వాత అక్కడ దండు నిలవలేదు.